బాప్తిస్మపు పుస్తకం

బస్సు ఓర్వకల్లు దాటింది. ఒళ్ళో సంచి ఉంది, సంచిలో బాప్తిస్మపు పుస్తకం ఉంది. నల్ల అట్ట వేసిన పాత రిజిస్టరు, పెద్ద బరువేమీ కాదు, అయినా దాని కింద నా మోకాళ్ళు తిమ్మిరెక్కాయి. కిటికీ అవతల రాళ్ళగుట్టలు ఒకదాని వెనక ఒకటి వెళ్ళిపోతున్నాయి, ఎండ అప్పుడే వాటి నెత్తిన ఎక్కింది, వాటి మధ్య ఎక్కడా పచ్చన లేదు. పదకొండు గంటలకు కర్నూలు కలెక్టరాఫీసులో విచారణ. నోటీసులో నా పేరు సరిగానే రాశారు: సుందరం, పాస్టరు. కింద ఇంకో వాక్యం, బాప్తిస్మపు రిజిస్టరుతో సహా హాజరు కావలెను అని. ముప్పై ఒక్క సంవత్సరాలుగా ఆ పల్లెలో సేవ చేస్తున్నాను, ప్రభుత్వం నన్ను ఏనాడూ దేనికీ పిలవలేదు. దాచుకోవడమెందుకు, నోటీసు చేతికిచ్చిన క్షణాన కొంచెం గర్వంగా కూడా అనిపించింది, నా పేరు మీద ముద్ర వేసిన కవరు వచ్చిందని. రెండోసారి చదివాక మంచం పట్టె మీద కూలబడ్డాను. పిలిచింది నన్ను కాదు, పుస్తకాన్ని. పుస్తకం నోరు తెరిస్తే మా ఊరి సర్పంచి పదవి పోతుంది. ఆ సర్పంచి శివలీల. ఆమెను నీళ్ళలో ముంచి లేపింది నేను.

పొద్దున కృపమణి సంగటి గిన్నె నా ముందు పెట్టి తాను తినకుండా గోడకు ఆనుకుని నిలబడింది. "ఆ పుస్తకం ఇంట్లోనే పెట్టిపోరాదా?" అంది. పిలిచినారు కదా అన్నాను. "పిలిస్తే నువ్వు పో. దాన్నెందుకు ఎత్తుకపోతాండావు?" ఆమె గొంతు పెంచలేదు, ముప్పై అయిదేళ్ళ కాపురంలో ఆమె గొంతు పెంచింది తక్కువ. "ఆ బిడ్డను నీ చేతుల్తోనే ముంచి లేపితివి. మళ్ళీ నీ చేతుల్తోనే పట్టిస్తావా?" అంది. అధికారులు పిలిస్తే పోవాలి, అడిగింది చూపించాలి, అది దేవుని వాక్యం అన్నాను. ఆమె గిన్నె తీసుకుని లోపలికి పోయింది. గిన్నెలో ఇంకా సగం సంగటి ఉంది.

వాక్యం. ఎన్ని ఆదివారాలు చెప్పానో. పై అధికారికి లోబడండి, దేవుడు ఉంచకుండా ఏ కుర్చీలోనూ ఎవరూ కూర్చోలేరు, చెడ్డపని చేసేవాడికే భయం కానీ మంచి చేసేవాడికి అధికారి అంటే భయమెందుకు అని. ఓటు వేసి రండి, వచ్చి ప్రార్థన చేసుకోండి, అంతకు మించి రాజకీయం మనకు వద్దు అని. చెబుతున్నప్పుడు చాప మీద ముందు వరసలో కూర్చుని, తల మీద కొంగు కప్పుకుని, కళ్ళు ఎత్తకుండా వినేది శివలీల. పద్దెనిమిది దాటి పంతొమ్మిదిలో పడ్డ పిల్ల. తల్లి భీమమ్మకు ఇష్టం లేదు, మా ప్రార్థన గుడి తలుపు దాకా వచ్చి కూతుర్ని జుట్టు పట్టుకుని ఈడ్చుకుపోయిన రోజులున్నాయి. చివరికి ఆ భీమమ్మే, పేరు మాత్రం మార్చొద్దప్పా, దానికి వాళ్ళ అవ్వ పెట్టిన పేరు అని నా ముందు ఏడ్చింది. సరే అన్నాను. పుస్తకంలో రాసేటప్పుడు శివలీల అను ప్రసన్నకుమారి అని రాశాను. గుడిలో ప్రసన్న, ఊళ్ళో శివలీల. కె.సి. కాలువకు ట్రాక్టరు మీద పోయాం ఆ రోజు, పాటలు పాడుకుంటూ. నీళ్ళు చల్లగా ఉన్నాయి. నీళ్ళలోంచి లేచాక ఆ పిల్ల దగ్గుతూ నవ్వింది. ఇంకా ఎంతోమందికి బాప్తిస్మం ఇచ్చాను, ఎవరూ నవ్వలేదు, ఏడ్చినవాళ్ళే. ఆ నవ్వు నాకు ఇప్పటికీ కనిపిస్తుంది, ఇప్పుడు ఈ కిటికీ అద్దంలో కూడా.

మా తాత కరువు కాలంలో గంజి పోసేచోట మిషనరీ దొర మాట విని నమ్ముకున్నాడని ఊళ్ళో ఎగతాళిగా అంటారు. గంజి కోసం కాదురా, పోసినాయన భుజం మీద చెయ్యేసినందుకు అని మా నాయన చెప్పేవాడు. ఎందుకైతేనేం, మూడు తరాలు గడిచాయి. మతం మారితే కులం పోతుందని చట్టం నమ్మింది. మా ఊరు నమ్మలేదు. బాప్తిస్మం తీసుకున్న మా నాయనకు టీ కొట్టు దగ్గర వేరే గ్లాసు, తీసుకోని మా పెదనాయనకూ అదే గ్లాసు. ఆఫీసు కాగితంలో మాత్రం అన్నదమ్ములిద్దరూ ఒకటి కారు, హిందువైతే ఎస్సీ, క్రైస్తవుడైతే బీసీ. అందుకే మా పల్లెలో అరవై ఇళ్ళకూ రెండేసి బతుకులు, ఆదివారానికి ఒకటి, ఆఫీసుకు ఒకటి. ఇది అందరికీ తెలుసు, సర్టిఫికెట్ రాసేవాళ్ళకూ తెలుసు, ఎవరూ ఎవర్నీ అడగరు. చుట్టుపక్కల పాస్టర్లు చాలామంది రిజిస్టర్లు రాయడమే మానేశారు. నేను రాశాను. నాకు చదువు చెప్పిన ప్రేమయ్య అయ్యగారు, "దేవుని ముందర జరిగింది రాసి పెట్టల్ల సుందరం, మనుషులు మర్సిపోతారు" అన్నాడు. పేరు, తండ్రి పేరు, తేదీ, ఇద్దరు సాక్షుల వేలిముద్రలు. ఈ సంచిలో ఉన్నది శివలీల ఒక్కతే కాదు. పల్లె అంతా ఉంది. ప్రేమయ్య మనవరాలు హర్షిణి ఉంది, ఈ సంవత్సరమే నర్సింగు సీటు వచ్చి కర్నూలు హాస్టల్లో ఉంటోంది. సర్పంచి ఎన్నికల్లో శివలీల మీద ఓడిపోయిన నాగక్క కూడా ఉంది, పదకొండో పేజీలో, పెళ్ళి కాకముందు. ఇప్పుడు శివలీల మీద అర్జీ పెట్టింది ఆ నాగక్క మొగుడు రంగనాథే. అతడికి ఆ పేజీ సంగతి తెలుసో లేదో. తెలిసే ఉండాలి. తెలిసి కూడా రిజిస్టరు తెప్పించమన్నాడంటే వెనక నుంచి తోస్తున్న చెయ్యి ఎంత బలమైనదో మరి.

బస్సు ఎవరి కోసమో ఆగింది, మళ్ళీ కదిలింది. ఆ చెయ్యి ఎవరిదో ఊరందరికీ తెలుసు. ఊరి వెనక గుట్టను తొలిచి కంకర కొట్టుకుపోవాలని క్రషరు వాళ్ళు రెండేళ్ళుగా తిరుగుతున్నారు. గుట్ట కిందే మా కుళాయిలకు నీళ్ళిచ్చే బావి, శివలీల సర్పంచి అయ్యాక తవ్వించింది. ఒకసారి మందు పెట్టి పేల్చి చూశారు, పల్లెలో తొమ్మిది ఇళ్ళ గోడలు నెర్రెలు ఇచ్చాయి, గుడి గోడ కూడా, బావిలో నీళ్ళు రెండు రోజులు బురదలా వచ్చాయి. శివలీల గ్రామసభ పెట్టి, ఒక్కొక్క ఇంటికీ తిరిగి సంతకాలు పెట్టించి, ఒప్పుకునేది లేదని తీర్మానం రాయించి పంపింది. ఆ సభకు రమ్మని నా దగ్గరికి మూడుసార్లు మనిషి వచ్చాడు. పాస్టరుకు సభలెందుకని పోలేదు. ఇంట్లో మోకాళ్ళ మీద ఉండి ఆమె కోసం ప్రార్థన చేశాను, నా పని అదే అనుకున్నాను, ఆ పనే పెద్దదనుకున్నాను. ఆమె ఆ సభలో ఒక్కతే నిలబడి క్రషరు మనుషులకు జవాబులు చెబుతుంటే నేను రెండు వీధుల అవతల కళ్ళు మూసుకుని ఉన్నాను. మరుసటి నెలే అర్జీ. దానికి ఒక ఫోటో కూడా జతచేశారట, ఆదివారం ప్రభువు బల్ల దగ్గర ఆమె రొట్టె అందుకుంటున్న ఫోటో. రొట్టె అందిస్తున్న చెయ్యి నాది. ఫోటోలో నా ముఖం రాలేదని శివలీల వకీలు చెప్పాడు. చెయ్యి మాత్రమే వచ్చిందట.

జయకుమార్ గుర్తుకు రాకూడదనుకున్నాను, వచ్చాడు. నా కొడుకు. కానిస్టేబుల్ ఉద్యోగానికి పెట్టుకున్న సంవత్సరం, సర్టిఫికెట్ దరఖాస్తు తెచ్చి నా ముందు పెట్టాడు. స్నేహితులంతా హిందువనే రాశారు. నేను పెన్ను వాడి చేతికిచ్చి క్రైస్తవుడని రాయమన్నాను. "నాయనా, ఇది ఒట్టి కాగితం" అన్నాడు. కాగితం మీద ఒప్పుకోలేనివాడివి మనుషుల ముందు దేవుణ్ణి ఎట్లా ఒప్పుకుంటావురా అన్నాను. వాడు నా ముఖం చూసి, కాగితం చూసి, రాశాడు. రెండు మార్కుల్లో పోయింది. వాడికంటే తక్కువ వచ్చిన మా పల్లె పిల్లోడికి వచ్చింది, వాడి బాప్తిస్మం కూడా ఈ సంచిలోనే ఉంది. జయకుమార్ అరవలేదు, ఏడవలేదు, వారం తర్వాత మైదుకూరు పోయి ఎరువుల కొట్లో పనికి కుదిరాడు. అక్కడే పెళ్ళి, అక్కడే కాపురం. క్రిస్మస్‌కు వస్తాడు, వాళ్ళమ్మ వండింది తింటాడు, ఆరాధన మొదలయ్యే వేళకు బస్సుందని లేస్తాడు. ఒక్కసారే అన్నాడు, గడపలో చెప్పులేసుకుంటూ, "నీ నిజాన్ని మోసింది నేను నాయనా, నువ్వు గాదు" అని. ఇంతమందికి ఇన్ని వాక్యాలు చెప్పాను, ఆ గడపలో ఒక్కటీ గుర్తుకు రాలేదు.

మరి శివలీల అడిగిన రోజున ఏం చేశాను? సర్పంచి సీటు ఎస్సీ ఆడవాళ్ళకు వచ్చింది, పల్లె అంతా ఆమె పేరే అనుకుంది. ఇంటరు చదివింది, పొదుపు సంఘం నడిపింది, ఆఫీసులో నిలబడి బెదరకుండా మాట్లాడగలదు. నామినేషన్ కాగితాలు పట్టుకుని నేరుగా నా దగ్గరికి వచ్చింది. "అయ్యగారూ, ఈడ హిందువునని సంతకం పెట్టల్లంట. పెట్టమంటారా?" అంది. వద్దందామంటే బోరు ఎండిపోయి బిందెలతో రెండు మైళ్ళు నడిచే ఆడవాళ్ళు కళ్ళ ముందున్నారు. పెట్టమందామంటే జయకుమార్ ఉన్నాడు. "అది లోకం కాగితమమ్మా, నీ మనసు దేవునికి తెలుసు" అన్నాను. ఆమె కదల్లేదు. "అంటే పెట్టమంటారా, ఒద్దంటారా?" అని మళ్ళీ అడిగింది. ప్రార్థన చేసుకోమని చెప్పి లోపలికి పోయాను. అంతే. కొడుక్కి చెప్పిన నిజాన్ని ఆమెకు చెప్పలేదు. కొడుక్కి ఇవ్వని దయనైనా ఆమెకు ధైర్యంగా ఇవ్వలేదు. లోపలికి పోయి చీకటి గదిలో నిలబడి, ఆమె చెప్పుల చప్పుడు దూరమయ్యేదాకా విన్నాను. ఆ తర్వాత ఆమె గెలిచింది, కుళాయిలు వచ్చాయి, మా ఇంటి ముందు కూడా ఒకటి వచ్చింది, రోజూ ఆ నీళ్ళే తాగుతున్నాను.

కర్నూలు వచ్చేసింది. ఎప్పుడు దిగానో, ఆటో ఎప్పుడెక్కానో. ఆఫీసు వరండాలో బెంచీ మీద శివలీల ఒక్కతే కూర్చుని ఉంది, కొంచెం దూరంలో ఆమె వకీలు ఫోనులో మాట్లాడుతున్నాడు. నన్ను చూసి లేచి నిలబడింది, సర్పంచి అయినాక కూడా అట్లాగే లేస్తుంది. "తిన్నారా అయ్యగారూ?" అంది. తిన్నానన్నాను. కూర్చున్నాం. పైన ఫ్యాను తిరుగుతోంది, గాలి రావడం లేదు. ఆమె చూపు సంచి మీద పడింది.

"తెచ్చినారా?"

"తెచ్చినా."

ఆమె మెల్లగా అడిగింది. "దాంట్లో అందరి పేర్లూ ఉండాయి గదా?"

"అందరివీ."

"హర్షిణిది గూడా?"

తలూపాను. ఆమె కొంగు చివర వేలికి చుట్టి విప్పింది, మళ్ళీ చుట్టింది. "వకీలు గుడికీ పోతాను, చర్చికీ పోతానని చెప్పమంటాండాడు. అట్ల చెప్తే కేసు నిలబడుతుందంట" అంది. నువ్వేం చెబుతావమ్మా అని అడిగాను. "తెలీదు అయ్యగారూ. నోరు తెరిస్తే ఏమొస్తాదో సూడల్ల" అంది. నాకూ తెలియదు, నా నోట ఏమొస్తుందో. పసిబిడ్డల్ని కాపాడటానికి రాజు ముందు అబద్ధం చెప్పిన మంత్రసానులున్నారు లేఖనంలో, దేవుడు వాళ్ళను మెచ్చుకున్నాడని కూడా ఉంది, ముప్పై ఒక్క సంవత్సరాల్లో ఆ భాగం మీద నేను ఒక్క ప్రసంగమూ చేయలేదు. ఎందుకు చేయలేదు? లోబడమన్న మాట మీద చేసినన్ని చేశాను. లోబడమన్న మాట రాసిన అపొస్తలుడి తలను ఆ అధికారులే నరికించారని పెద్దలు చెబుతారు, అది కూడా పెద్దగా చెప్పలేదు. సులువుగా ఉన్నదే చెప్పాను. మాకు గొడవ రానిదే చెప్పాను. బంట్రోతు వచ్చి పేర్లు పిలిచాడు.

గదిలో పెద్ద బల్ల. దాని వెనక అధికారి, ఆడమనిషి, జయకుమార్ కంటే చిన్నదేమో, కళ్ళద్దాలు, అలసిన ముఖం. పక్కన టైపు చేసే అతను. ఎదురుగా రంగనాథ్, అతని వకీలు. ఇవతల పక్క శివలీల, ఆమె వకీలు. రంగనాథ్ నాకు నమస్కారం పెట్టబోయి ఆగాడు. నేను కుర్చీలో కూర్చుని సంచిని కాళ్ళ మధ్య పెట్టుకున్నాను. అధికారి నా పేరు అడిగింది, ఊరు అడిగింది, ఎన్నేళ్ళుగా పాస్టరని అడిగింది. అన్నీ సరిగ్గా చెప్పాను. తర్వాత, "రిజిస్టరు తెచ్చారా?" అంది.

"లేదమ్మా" అన్నాను.

ఆ మాట ఎంత తేలిగ్గా వచ్చింది! ఇన్నేళ్ళు దేన్నో బిగించి పట్టుకుని ఉంటే అది సడలి జారిపోయినట్టు. అది ఒక్కటీ చాలదనిపించింది. పోయిన వానల్లో గుడి కప్పు కారి పుస్తకం తడిసిపోయిందన్నాను. తర్వాత చెదలు పట్టిందన్నాను. టైపు చేసే అతని వేళ్ళు నా వెంటే వస్తున్నాయి. "మరి ఈమెకు మీరు బాప్తిస్మం ఇచ్చారా?" అంది అధికారి. జ్ఞాపకం లేదన్నాను. కాలువ నీళ్ళు, దగ్గు, నవ్వు. జ్ఞాపకం లేదమ్మా, శానామంది వస్తా పోతా ఉంటారు అన్నాను. ఆ క్షణాన శివలీల ముఖం చూడలేదు. నా కొడుకు ముఖం చూస్తున్నాను. ఈ మాట పన్నెండేళ్ళ కిందట ఇంట్లో, ఒక కాగితం ముందు, వాడి కోసం అనుంటే వాడు ఖాకీ బట్టల్లో ఇంటికొచ్చి వాళ్ళమ్మకు చూపించి ఉండేవాడు, అనుకుంటున్నాను. కన్నకొడుకు కోసం రానిది ఇప్పుడెట్లా వచ్చింది? దేవుని కోసం వాణ్ణి అట్లా చేశాననుకున్నాను ఇన్నాళ్ళూ. దేవుని కోసమేనా, నేను నిజాయితీపరుణ్ణి అనిపించుకోవడం కోసమా?

"మేడం" అన్నాడు రంగనాథ్ వకీలు, "పాస్టరు గారి కాళ్ళ దగ్గర సంచి ఉంది. అందులో ఏముందో చూపించమనండి."

అందరి కళ్ళూ కిందికి దిగాయి. నా చెయ్యి తనంతట తాను పోయి సంచి మూతిని పట్టుకుంది, అదే చాలు, ఇక వేరే సాక్ష్యం ఎందుకు. "ఏముందండీ సంచిలో?" అంది అధికారి. నేను సంచి మూతిని ఇంకా బిగించాను. "తెరవండి" అంది. అప్పుడు తెలిసింది నాకు, ఏం చేశానో. నిజం చెప్పి ఉంటే ఒక్క పేజీతో పోయేదేమో. అబద్ధం చెప్పినందుకు పుస్తకమంతా బల్ల ఎక్కబోతోంది, అరవై ఇళ్ళు, హర్షిణి హాస్టలు గది, పిల్లల చదువులు, అన్నీ నా చేతి రాతలో. ముడి విప్పబోయాను.

శివలీల లేచి నిలబడింది. "మేడం, ఆ సంచి జోలికి పోవద్దండి. నేను చెప్తా."

"కూర్చోండమ్మా, మీ వంతు ఇంకా రాలేదు."

"నేను క్రైస్తవురాల్ని మేడం." ఆమె వకీలు కొంగు పట్టి లాగినంత పని చేశాడు, ఆమె చూడలేదు. "పదహారేండ్లాయ బాప్తిస్మం తీసుకోని. కె.సి. కాలవలో. ఇచ్చింది ఈ అయ్యగారే. నేనే ఒప్పుకుంటాండా గదా, ఇంగ పుస్తకమెందుకు? ఆ నామినేషన్ కాగితం మీద సంతకం పెట్టింది నేనే. అది తప్పే. నన్ను ఎవురూ పెట్టమన్లేదు."

ఎవరూ పెట్టమనలేదు, వద్దనీ అనలేదు. అది నిజం. నన్ను కాపాడాలని అందో, ఉన్నమాట అందో తెలియదు గానీ, ఆ గదిలో నా మీద పడ్డ అభియోగం అదొక్కటే.

"ఒగటి మాత్రం రాసుకోండి మేడం" అంది శివలీల. "నేను మాదిగదాన్నే. కాలవలో మునిగి లేసినంక గూడా మాదిగదాన్నే. ఏ దినం గాకుండా పోతినో మా ఊర్లో ఎవుర్ని అడిగినా తెలీదంటారు."

టైపు చేసే అతను వేళ్ళు ఆపి అధికారి వైపు చూశాడు. ఆమె కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. "చట్టం అట్లా లేదమ్మా" అంది. "తెలుసు మేడం" అంది శివలీల, కూర్చుంది. రంగనాథ్ వకీలు మాత్రం, అయినా రిజిస్టరు రికార్డులో ఉండటం మంచిదని మొదలుపెట్టాడు. రంగనాథ్ అతని చొక్కా చెయ్యి పట్టుకుని, "ఒద్దులే సార్, సాలు" అన్నాడు. నా వైపు చూడలేదు. అతడికి ఆ పేజీ సంగతి తెలుసు.

ఆమె ఒప్పుకున్నాక రిజిస్టరు అవసరం లేదంది అధికారి. తర్వాత నా వైపు తిరిగింది. "పాస్టరు గారూ, మీరు చెప్పింది టైపయింది. అట్లాగే ఉంచమంటారా, తీసేసి మళ్ళీ చెబుతారా?" ఆ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. అధికారి చేతిలో కత్తి ఉంటుందని, దానికి భయపడాలని చెప్పుకుంటూ వచ్చాను. దయ చూపిస్తే ఎట్లా నిలబడాలో నాకు తెలియలేదు. తీసేయండమ్మా అన్నాను. బాప్తిస్మం ఇచ్చింది నేనే, నాకు బాగా జ్ఞాపకం అన్నాను. తేదీ కూడా చెప్పాను, పుస్తకం తెరవకుండానే. నా అబద్ధాలు నాలుగూ కంప్యూటరు తెర మీద నుంచి ఒక్క నొక్కుతో పోయాయి. వాటి చోట నిజం వచ్చి కూర్చుంది, ఎవరికీ ఉపయోగపడని వేళకు, ఆమె మీద ఆఖరి ముడి బిగించడానికి. చూపించిన చోట సంతకం పెట్టాను.

బయట కుళాయి దగ్గర శివలీల ముఖం కడుక్కుంది. ఆర్డరు రావడానికి ఎన్ని రోజులు పడుతుందని వకీలును అడిగింది. పదో పదిహేనో అని, ఆమె మీద చిరాకుతో అతను బండెక్కి వెళ్ళిపోయాడు. ఆమె వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టుకుంది. "వారం నోటీసుతో గ్రామసభ పెట్టొచ్చు" అంది నాతో, మామూలు గొంతుతో. "ఆర్డరు రాకముందే పెడతా. క్రషరు మీద ఇంగోసారి తీర్మానం చేసి, అందరి సంతకాల్తో పంపల్ల. లేకుంటే నేను దిగిన మర్సటి దినమే గుట్ట మీదికి మిషన్లొస్తాయి. మీరొచ్చి మాట్లాడల్ల."

"నేనా? నాకు ఆ మాటలు రావమ్మా."

"ముప్పై ఏండ్ల నుంచి మాట్లాడతానే ఉండారు గదా."

"అది గుడిలో."

"గుడిలో ఉండేటోళ్ళే సభలోనూ ఉంటారు అయ్యగారూ."

నేను అక్కడే మెట్టు మీద కూర్చున్నాను. బండ్ల మధ్య జనం వస్తున్నారు, పోతున్నారు. "ఆ దినం నువ్వు కాగితాలు తెచ్చినప్పుడు" అని మొదలుపెట్టాను. ఆమె నన్ను ఓదార్చలేదు. "మీరు ఒద్దంటే ఆగేదాన్నేమో. పెట్టమంటే ధైర్యంగా పెట్టేదాన్నేమో. ఏదీ చెప్పకుండా లోపలికి పోతిరి" అంది. నిందించినట్టు కాదు, ఎప్పటి నుంచో మనసులో ఉన్నది తీసి నా ముందు పెట్టినట్టు. "ఈసారన్నా చెప్పండి. వస్తారా, రారా?"

"వస్తాను" అన్నాను. "ఏం మాట్లాడాల?" అని అడిగాను, చిన్నపిల్లవాడిలా.

"జరిగింది జరిగినట్టు చెప్పండి. అదే సాలు."

తిరుగు బస్సులో ఆమె కిటికీ పక్కన కూర్చుంది. కర్నూలు వెనకబడి రెండు పక్కలా బీడు మొదలయ్యేదాకా బాగానే ఉంది, సభకు ఎవరెవరికి చెప్పాలో నాతో అంటూనే ఉంది. తర్వాత మాట మధ్యలో ఆగి కొంగు ముఖం మీదికి లాక్కుంది. చప్పుడు లేదు, భుజాలు మాత్రం కదులుతున్నాయి. ఎంతమంది పక్కన ఇట్లా కూర్చున్నాను, బిడ్డలు పోయినవాళ్ళ పక్కన, మొగుళ్ళు పోయినవాళ్ళ పక్కన. అన్నిటికీ ఏదో ఒక మాట ఉండేది నా దగ్గర, ఏదో ఒక వచనం. ఇప్పుడు కళ్ళు మూసుకుంటే ప్రార్థన కూడా రాలేదు. ఊరికే కూర్చున్నాను. నాలుగైదు సీట్లవాళ్ళు తిరిగి చూశారు. కండక్టరు టికెట్లు కొట్టుకుంటూ వచ్చి మా దగ్గర ఆగాడు, మంచివాడే, గొంతు తగ్గించి అడిగాడు. "ఏమప్పా, ఆయమ్మకు బాగలేదా? నీ కూతురా?"

అవునంటే అయిపోయేది, అతను ముందుకు పోయేవాడు.

"కాదప్పా" అన్నాను, చుట్టుపక్కల వాళ్ళకు వినపడేటట్టుగానే. "మా సర్పంచమ్మ."